ఫోలిక్ యాసిడ్: ఒక పేరులో ఆకు, ఇంకో పేరులో రెక్క ఎందుకు?

కాజీపేట_జంక్షన్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. హన్మకొండలో బీ.ఫార్మసీ చదువుతున్నాను. విటమిన్ల పాఠంలో ఒక చోట ఆగిపోయాను. ఫోలిక్ యాసిడ్‌కి ఆ పేరు 'ఫోలియం' అనే లాటిన్ మాట నుంచి వచ్చిందని, అంటే ఆకు అని పుస్తకంలో ఉంది. సరే. రెండు లైన్ల కింద దాని శాస్త్రీయ నామం టెరాయిల్ గ్లుటామిక్ ఆమ్లం అని ఇచ్చారు. ఇంగ్లీషులో దాని ముందు 'పి' రాస్తారు, పలకరు. ఆ 'ప్టెర్' అంటే గ్రీకులో రెక్క అని డిక్షనరీ చెప్తోంది.

ఉన్నది ఒకటే విటమిన్. ఒక పేరేమో ఆకు, ఇంకో పేరేమో రెక్క. పాలకూరకు రెక్కలెక్కడివి? క్లాసులో అడిగితే "పరీక్షకు రాదు, ముందుకు పో" అన్నారు. ఇక్కడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

గంగవాయిలి

ఆకు సంగతి వరకు నేను చెప్తా, రెక్క సంగతి రసాయనం సార్ వచ్చి చెప్పాలి.

1941లో అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీ వాళ్లు మిచెల్, స్నెల్, విలియమ్స్ అని ముగ్గురు ఒక బ్యాక్టీరియా పెరగడానికి కావలసిన పదార్థం కోసం వెతుకుతూ నాలుగు టన్నుల పాలకూరను పిండారు. అందులోంచి కొద్దిగా చిక్కని సారం వచ్చింది. అది ఆమ్ల గుణం చూపింది, ఆకులోంచి వచ్చింది, కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పెట్టారు. అంతే కథ.

ఫోలియం అంటే చెట్టు ఆకే కాదు, పుస్తకంలో కాగితం కూడా. షేర్లు కొనేవాళ్లు చెప్పే పోర్ట్‌ఫోలియో కూడా అక్కడిదే, కాగితాలు మోసుకెళ్లే సంచి అని. మనకూ 'పత్రం' అంటే ఆకే, దస్తావేజూ పత్రమే. మన పాఠ్యపుస్తకాల్లో క్లోరోఫిల్‌ను పత్రహరితం అన్నట్టు దీన్ని పత్రామ్లం అని ఉంటే ఈ ప్రశ్నలో సగం పుట్టేదే కాదు.

లెక్కల_పిచ్చి

నాలుగు టన్నుల పాలకూరా! ఆగండి, లెక్క వేస్తా. అమెరికా ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి పాలకూరలో ఫోలేట్ దాదాపు 190 మైక్రోగ్రాములు. కిలోకి 1,900. టన్నుకి రెండు గ్రాములు కూడా రాదు, 19 లక్షల మైక్రోగ్రాములంటే 1.9 గ్రాములే కదా. నాలుగు టన్నులకు ఏడున్నర గ్రాములు. అదీ ఒక్క చుక్క పోకుండా మొత్తం తీయగలిగితే. కుమార్‌పల్లి మార్కెట్‌లో ఉన్న ఆకుకూర మొత్తం కొన్నా నాలుగు టన్నులు అవుతుందా అని నా డౌట్.

మండిబజార్_మందులు

తమ్మీ, నీ ప్రశ్న బాగుంది కానీ షాపులో మాకు ఎదురయ్యే ప్రశ్న వేరు. "ఆకుకూరల్లో ఉండేదే కదా, మాత్రెందుకు, రోజూ తోటకూర తింటున్నాం కదా" అంటారు. ఈ ఆకు పేరు మాకు చాలా కష్టం తెచ్చింది.

రసాయనం_సార్

ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి ప్రశ్నకు "పరీక్షకు రాదు" అనడం నాకు నచ్చదు. పేరు ఎక్కడిదో తెలిస్తే అణువు నిర్మాణం గుర్తుపెట్టుకోవడం తేలిక.

ముందు పేరును విరుద్దాం. టెరాయిల్ ఒక ముక్క, గ్లుటామిక్ ఒక ముక్క. ఈ అణువులో మూడు భాగాలు వరుసగా అతుక్కుని ఉంటాయి. మొదటిది టెరిడిన్ అనే జంట వలయం. మధ్యలో పారా అమినో బెంజోయిక్ ఆమ్లం. చివర గ్లుటామిక్ ఆమ్లం. మొదటి రెండూ కలిసిన దాన్ని టెరోయిక్ ఆమ్లం అంటారు. అది గ్లుటామిక్ ఆమ్లంతో కలిసినప్పుడు 'టెరాయిల్' అవుతుంది. కాబట్టి శాస్త్రీయ నామం అంటే ఏదో బిరుదు కాదు, ఏ ముక్కకు ఏది తగిలి ఉందో చెప్పే చిరునామా.

ఇక రెక్క. ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్‌కిన్స్ పేరు విన్నారు కదా, విటమిన్ల మీద పనికి 1929లో నోబెల్ పంచుకున్నాయన. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు, 1889లోనే, ఒక పసుపు సీతాకోకచిలుక రెక్కల్లో రంగు ఏమిటని చూశాడు. ఆ రంగు పూర్తిగా తేలలేదు. 1925లో జర్మనీలో వీలాండ్, షోఫ్ అదే జాతి సీతాకోకచిలుక రెక్కల నుంచి పసుపు పదార్థం తీశారు. తర్వాత తెల్ల సీతాకోకచిలుకల నుంచి తెల్లది కూడా తీశారు. రెక్కల్లో దొరికింది కాబట్టి గ్రీకు మాట 'ప్టెరాన్' పట్టుకుని ఈ రంగుల కుటుంబానికి టెరిన్లు అని పేరు పెట్టారు. పసుపుది జాంతోటెరిన్, తెల్లది ల్యూకోటెరిన్.

విటమిన్‌కీ రెక్కకీ సంబంధం అప్పటికి ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ల తర్వాత 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్లాన్ని విరిచి చూస్తే ఒక చివర అచ్చం ఆ రెక్కల రంగులో ఉన్న వలయమే కనబడింది. అప్పటికే దానికి పేరు ఉంది కాబట్టి అదే పేరు తెచ్చి ఇక్కడ తగిలించారు. నీ పాలకూరకు రెక్కలు అలా వచ్చాయి, బాబూ.

కాజీపేట_జంక్షన్

సార్, చేతులెత్తి మొక్కాలి. ఇంకొక్కటి. ఆ సీతాకోకచిలుకలు మన దగ్గర ఉంటాయా?

రసాయనం_సార్

పియరిడే అనే కుటుంబం. తెల్లవి, పసుపువి చాలావరకు ఆ కుటుంబమే. మన దగ్గర వానలు పడ్డాక తంగేడు పొదల చుట్టూ ఎగిరే లేత పసుపు సీతాకోకచిలుకలు అవే. రెక్క పట్టుకుంటే వేలికి అంటే పొడి ఉంటుంది చూశావా, ఆ పొలుసుల్లోనే ఈ టెరిన్లు ఉంటాయి.

ఎర్రమట్టి

నాకు వేరే అనుమానం. ఇంటర్ బోటనీలో టెరిడోఫైటా అని చదువుకున్నాం, ఫెర్న్ మొక్కలు. అక్కడా అదే 'ప్టెర్'. ఫెర్న్ అంటే ఆకులే కదా ముఖ్యం, పువ్వు లేదు కాయ లేదు. మరి టెరాయిల్ కూడా ఫెర్న్ ఆకు నుంచే వచ్చి ఉండొచ్చు కదా? అప్పుడు రెండు పేర్లూ ఆకే అవుతాయి, గొడవే ఉండదు.

రసాయనం_సార్

మంచి అనుమానం, కానీ దారి తప్పింది. ఫెర్న్‌కు గ్రీకులో ప్టెరిస్ అంటారు. ఆ ఆకు ఈకలా, రెక్కలా చీలి ఉంటుందని ఆ పేరు. అంటే ఫెర్న్ కూడా రెక్క నుంచే అప్పు తెచ్చుకుంది. మన విటమిన్‌లోని టెరిడిన్ మాత్రం నేరుగా సీతాకోకచిలుక నుంచి వచ్చింది, మధ్యలో ఫెర్న్ లేదు.

జువాలజీ వాళ్లను అడుగు, కీటకాల వర్గాల పేర్లు లెపిడోప్టెరా, డిప్టెరా, కోలియోప్టెరా అని వరసగా చెప్తారు. అన్నిట్లో అదే రెక్క. హెలికాప్టర్‌లో కూడా అదే. అందరూ హెలి, కాప్టర్ అని విరుస్తారు, అసలు విరుపు హెలికో, ప్టర్. సుడి తిరిగే రెక్క అని. ఇంగ్లీషు వాళ్లు విటమిన్‌లో మింగేసిన 'పి' హెలికాప్టర్‌లో మాత్రం బతికి ఉంది.

గంగవాయిలి

సార్ ఇంత బాగా చెప్పాక గ్లుటామిక్ మిగిలిపోయింది. అది నేను కొట్టేస్తా. గోధుమపిండి కడిగితే మిగిలే జిగురు గ్లూటెన్. 1866లో రిట్‌హౌసెన్ అనే జర్మన్ అందులోంచి తీసిన ఆమ్లం కాబట్టి గ్లుటామిక్. లాటిన్‌లో గ్లూటెన్ అంటే జిగురే.

అంటే మొత్తం పేరు: సీతాకోకచిలుక రెక్క, గోధుమ జిగురు. పాలకూర ఎక్కడా లేదు!

మండిబజార్_మందులు

ఇంకో మాట. బజారులో 'బి9' అనే పేరు కూడా నడుస్తోంది. మల్టీవిటమిన్ సీసాల మీద అదే రాస్తారు. 'బి9 ఇవ్వండి, ఫోలిక్ యాసిడ్ వద్దు' అన్నవాళ్లను కూడా చూశాను.

రసాయనం_సార్

దీనికి ఉన్నన్ని పేర్లు విష్ణువుకు కూడా లేవేమో. ఎవరు ఏ జంతువు మీద పని చేస్తే ఆ పేరు పెట్టుకున్నారు. కోతుల్లో రక్తహీనత తగ్గించింది కాబట్టి మంకీ పేరులోని మొదటి అక్షరంతో 'విటమిన్ ఎం'. కోడిపిల్లల్లో పనిచేసింది కాబట్టి చిక్ పేరుతో 'విటమిన్ బి సి', ఆ 'సి' చిన్న అక్షరంగా కింద రాసేవారు. ఒక లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాకు కావలసిన పదార్థంగా ఇంకొకరు ఆ బ్యాక్టీరియా పేరే పెట్టారు. కొన్నాళ్లకు అన్నీ ఒకే పదార్థమని, లేదా దాని దగ్గరి చుట్టాలని తేలింది.

వీటన్నిటికంటే ముందుది 'విల్స్ ఫ్యాక్టర్'. అది మన దేశంలో పుట్టిన పేరు, అదే ఎవరూ చెప్పరు.

భద్రకాళి_గట్టు

లూసీ విల్స్ గురించేనా సార్? నేను నర్సింగ్ ట్యూటర్‌ని, ఆమె గురించి పిల్లలకు తప్పకుండా చెప్తాను, కాబట్టి నేనే రాస్తా.

ఆమె ఇంగ్లండు డాక్టర్. 1928లో బొంబాయి వచ్చింది. అక్కడ మిల్లుల్లో పనిచేసే పేద ఇళ్లల్లో గర్భిణులకు విపరీతమైన రక్తహీనత వచ్చి చనిపోతున్నారు. మామూలుగా ఇనుము తక్కువైతే ఎర్ర రక్తకణాలు చిన్నవవుతాయి. వీళ్లలో కణాలు ఉండాల్సిన దానికంటే పెద్దగా ఉబ్బి ఉన్నాయి. సూక్ష్మజీవి ఏదైనా కారణమా అని చూసింది, కాదు. వాళ్ల తిండి ఎలుకలకు, కోతులకు పెట్టి చూసింది. చివరికి ఈస్ట్ సారంతో తయారయ్యే మార్మైట్ అనే చౌక లేహ్యం తినిపిస్తే కోతులూ కోలుకున్నాయి, ఆ తల్లులూ కోలుకున్నారు. 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది.

అప్పట్లో ఇంకో రకం రక్తహీనతకు, అంటే ఇప్పుడు మనం బి12 లోపం అనేదానికి, శుద్ధి చేసిన కాలేయ సారం ఇచ్చేవారు. అది ఈ తల్లులకు పనిచేయలేదు, శుద్ధి చేయని ముతక సారం పనిచేసింది. అంటే ఇది వేరే పదార్థమని ఆమెకు అర్థమైంది. పేరు తెలియదు కాబట్టి లోకం దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అంది. పదేళ్లకు టెక్సాస్ వాళ్లు పాలకూరలోంచి తీసి ఫోలిక్ అన్నది ఆ పదార్థాన్నే.

నా ఉద్దేశంలో న్యాయంగా అయితే విల్స్ పేరే నిలవాలి. మనిషి ప్రాణం నిలబెట్టింది ఆవిడ. పాలకూర పిండినవాళ్లది బ్యాక్టీరియా గొడవ.

ఎర్రమట్టి

అక్కా, మరి మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు? ఫోలిక్ యాసిడ్ కనిపెట్టింది ఆయనే అని మాకు స్కూల్లో చెప్పారు. పేరు కూడా ఆయనే పెట్టారు అన్నారు.

భద్రకాళి_గట్టు

పేరు ఆయన పెట్టలేదు తమ్మీ. కనిపెట్టడం అనే మాట కూడా ఇక్కడ ఒక్కరికి చెందదు. ఉందని తెలుసుకున్నది విల్స్. పేరు టెక్సాస్ వాళ్లది. శుద్ధమైన స్ఫటికాలుగా తీసినవాళ్లు 1943లో రెండు మందుల కంపెనీల వాళ్లు, పార్క్ డేవిస్‌లో ఫిఫ్‌నర్ బృందం, లెడర్లీలో స్టోక్‌స్టాడ్. సుబ్బారావు గారు ఆ లెడర్లీలో పరిశోధనకు అధిపతి. ఆయన కింద ఉన్న బృందమే 1945లో దీన్ని ప్రయోగశాలలో తయారు చేసి చూపింది. నిర్మాణం కూడా వాళ్లే తేల్చారు. టెరాయిల్ గ్లుటామిక్ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది.

నాలుగు టన్నుల పాలకూరతో పనిలేకుండా గర్భిణికి రూపాయి మాత్ర ఇవ్వగలుగుతున్నామంటే ఆ తయారీ పద్ధతి వల్లే. దాన్ని తక్కువ చేయొద్దు.

రసాయనం_సార్

భద్రకాళి అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కటి కలుపుతా. 1943 నాటి ఆ శుద్ధ స్ఫటికాలు వచ్చింది ఆకు నుంచి కాదు, కాలేయం నుంచి. స్టోక్‌స్టాడ్ ఈస్ట్ నుంచి కూడా తీశాడు. అంటే ఆకు పేరు పెట్టుకున్న ఆమ్లం మొదటిసారి నిఖార్సుగా కంటికి కనబడింది కార్జంలో.

సుబ్బారావు గారి విషయంలో నన్ను కదిలించేది ఇంకోటి ఉంది. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. యవ్వనంలోనే ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. పేగు తిన్నది పీల్చుకోలేక మనిషి ఎండిపోయే జబ్బు అది. ఆయనకూ వచ్చింది, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. ఆ స్ప్రూలో వచ్చే రక్తహీనతకు పనిచేసే మందుల్లో ముఖ్యమైనది ఫోలిక్ యాసిడే. ఆ అన్నదమ్ములకు అందనిది పాతికేళ్ల తర్వాత ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది.

లెక్కల_పిచ్చి

ఒళ్లు జలదరించింది సార్.

నర్సంపేట_ఆశ

నేను ఆశ వర్కర్‌ని. ఇంత చదువు నాకు లేదు కానీ ఇందాక మందుల షాపు అన్న చెప్పిన మాట నిజం. ఊళ్లో ఫోలిక్ మాత్ర అంటే ఆకు మాత్ర అని మేమే చెప్పాం, అర్థమవుతుందని. ఇప్పుడు అదే తిప్పి మాకే చెప్తున్నారు. "పుంటికూర తింటున్నా, గంగవాయిలి తింటున్నా, ఇంక మీ ఆకు మాత్రెందుకు" అని. ఒక అత్తగారైతే కోడలి మాత్రలు తీసి పక్కన పెట్టింది, నల్లగా విరేచనం అయితోందని.

నల్లగా అయ్యేది ఐరన్ వల్ల, ఫోలిక్ వల్ల కాదు. మేం ఇచ్చే ఎర్ర మాత్రలో రెండూ ఉంటాయి, 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్. అది నాలుగో నెల నుంచి. దానికి ముందు మొదటి మూడు నెలలు ఉత్త ఫోలిక్ మాత్రే. ఈ మొదటి మూడు నెలలదే నా బాధంతా. ఆడపిల్ల మా దగ్గరికి వచ్చి పేరు రాయించుకునేసరికే రెండు నెలలు దాటిపోతాయి.

భద్రకాళి_గట్టు

చెల్లీ, నువ్వు చెప్పింది ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యం. బిడ్డ వెన్నుపాము అయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. చాలామందికి అప్పటికి నెల తప్పిందనే అనుమానం కూడా రాదు. అందుకే పెళ్లయి పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలని చెప్పేది. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరిశోధన వచ్చింది. అంతకుముందు ఆ గొట్టం సరిగ్గా మూసుకోని లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే, మళ్లీ అదే లోపం రావడం 72 శాతం తగ్గింది. అమెరికా 1998 నుంచి పిండిలోనే కలపడం తప్పనిసరి చేసింది.

ఆకుకూరల మాటకు జవాబు ఇలా చెప్పి చూడు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు ఆడమనిషికి రోజుకు 220 మైక్రోగ్రాములు కావాలి, గర్భిణికి 570. రెండున్నర రెట్లు. ఇది నీళ్లలో కరిగే విటమిన్, వేడికి కూడా పోతుంది. కూర ఉడికించి నీళ్లు పారబోస్తే చాలా వరకు కాలవలో పోతుంది. పప్పులో వేసి వండితే కనీసం నీళ్లతో పోయేది మిగులుతుంది.

గంగవాయిలి

మరి కార్జంలోనే ఎక్కువ ఉంటే గర్భిణులకు అదే పెట్టొచ్చు కదా?

భద్రకాళి_గట్టు

వద్దు. కార్జంలో విటమిన్ ఏ మరీ ఎక్కువ, గర్భంలో బిడ్డకు మంచిది కాదు. పెసలు, శనగలు, బొబ్బర్లు, పల్లీలు, వీటిలో ఫోలేట్ బాగానే ఉంటుంది. పేరులో ఆకు ఉందని పప్పుదినుసులను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

నర్సంపేట_ఆశ

రేషన్ బియ్యంలో కలిపే గింజల గురించి కూడా చెప్పండి మేడం. ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నారు.

మండిబజార్_మందులు

అవి బియ్యం పిండిలో ఐరన్, ఫోలిక్, బి12 కలిపి మళ్లీ గింజలా ఒత్తినవి అక్కా. మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలుపుతారు. కలిపిన బియ్యం కిలోకి ఫోలిక్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు ఉండాలని నిబంధన. అంటే అది తిన్నంత మాత్రాన గర్భిణికి సరిపోదు, మాత్ర మాత్రే. కానీ ఏరి పారేయడం మాత్రం పాపం. తేలికగా ఉండి నీళ్లలో తేలితే ప్లాస్టిక్ అనుకుంటున్నారు.

కాజీపేట_జంక్షన్

ఇంకో సందేహం. పుస్తకంలో కొన్ని చోట్ల ఫోలేట్, కొన్ని చోట్ల ఫోలిక్ యాసిడ్ అని రాశారు. రెండూ ఒకటేనా?

రసాయనం_సార్

ఫోలేట్ ఇంటిపేరు. ఫోలిక్ ఆమ్లం ఆ ఇంట్లో ఒకరు. ఆకులో ఉండేవి ఫోలేట్లు, వాటి చివర ఒక్క గ్లుటామిక్ ఆమ్లం కాకుండా చాలా గొలుసుగా ఉంటాయి. పేగులో ఆ గొలుసు తెగాకే లోపలికి పోతాయి. మాత్రలో ఉండే ఫోలిక్ ఆమ్లానికి ఒక్కటే గ్లుటామిక్, పైగా అది ఆక్సీకరణ చెందిన రూపం. నిలవ ఉంటుంది, శరీరం తేలికగా పీల్చుకుంటుంది. కానీ అచ్చంగా ఆ రూపంలో ఆకులో దాదాపు ఉండదు. నన్నడిగితే ఈ మొత్తం పేరులో అసలైన వింత ఇదే, రెక్క కాదు.

మండిబజార్_మందులు

సార్, ఇది కూడా రాయనివ్వండి. ఆ రెక్క ఇప్పటికీ మా షాపులో ఎగురుతోంది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనే మందు ఇస్తారు కదా, దాని పాత పేరు అమెథాప్టెరిన్. దాని అన్న అమినాప్టెరిన్. రెండింట్లోనూ అదే టెరిన్.

రసాయనం_సార్

మంచి పాయింట్ పట్టావు. ఫోలిక్ ఆమ్లంలో ఒకచోట చిన్న మార్పు చేస్తే, కణం దాన్ని ఫోలిక్ అనుకుని తీసుకుని మోసపోతుంది, విభజన ఆగిపోతుంది. తాళంలో ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి అనుకోండి. సుబ్బారావు గారి బృందం అలాంటి అమినాప్టెరిన్ తయారు చేసి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌కు ఇచ్చింది. ఆయన రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. క్యాన్సర్‌కు మందుతో వైద్యం చేయొచ్చని నమ్మకం కలిగించిన తొలి ఫలితాల్లో అది ఒకటి.

సల్ఫా మందులు కూడా ఇదే కోవ. అణువు మధ్యలో పారా అమినో బెంజోయిక్ ఆమ్లం ఉందన్నాను కదా. బ్యాక్టీరియా దాన్ని వాడి తన ఫోలేట్ తానే చేసుకుంటుంది. సల్ఫా మందు అచ్చం దానిలా కనిపించి అడ్డుపడుతుంది. మనం ఫోలేట్ తిండి నుంచే తెచ్చుకుంటాం, చేసుకోలేం, కాబట్టి మనకు ఆ దెబ్బ తగలదు.

మండిబజార్_మందులు

పెద్ద అక్షరాల్లో చదువుకోండి దయచేసి: కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దానితో పాటు ఫోలిక్ కూడా రాస్తారు, మామూలుగా వేరే రోజున వేసుకోమంటారు. రెండూ చిన్న పసుపు మాత్రలే చాలాసార్లు, ఇంట్లో పెద్దవాళ్లు కలిపేసుకుంటారు. డబ్బా మీద వారం పేరు తెలుగులో రాయించుకోండి, నేనైతే స్కెచ్ పెన్నుతో రాసి ఇస్తాను.

ఎర్రమట్టి

మా నాయనకు తిమ్మిర్లు ఉన్నాయని ఎవరో చెప్తే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నాడు. బలానికి అంటాడు. ఆకు మందే కదా, ఏం కాదు కదా?

భద్రకాళి_గట్టు

ఆపి ముందు బి12 పరీక్ష చేయించండి. తిమ్మిర్లు బి12 లోపంలో చాలా మామూలు. ఫోలిక్ ఎక్కువ డోసులో ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, రిపోర్టు బాగుంటుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. మాంసం, గుడ్డు, పాలు తక్కువ తినేవాళ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. 5 మిల్లీగ్రాములంటే 5,000 మైక్రోగ్రాములు, డాక్టరు కారణం ఉండి రాస్తేనే వేసుకోవాలి.

ఎర్రమట్టి

రేపే తీసుకెళ్తా అక్కా.

లెక్కల_పిచ్చి

ఇన్ని పేర్ల మధ్య ఒక పేరు మాత్రం లేదు. ఇంత చేసిన సుబ్బారావు గారి పేరు ఏ మందుకూ పెట్టలేదా? హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి ఫిస్క్, సుబ్బారావు పద్ధతి అంటారు, అది మాకూ ప్రాక్టికల్స్‌లో ఉంది. దానికి మించి?

రసాయనం_సార్

మందుకు లేదు, బూజుకు ఉంది. లెడర్లీలో పనిచేసిన హెసెల్టైన్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త 1953లో ఒక కొత్త బూజు ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పెట్టాడు. పూర్తి పేరు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్. గ్రీకులో మైసిస్ అంటే బూజు, స్ప్లెండెన్స్ అంటే మెరిసేది.

కాజీపేట_జంక్షన్

ఎక్కడ దొరుకుతుంది సార్ అది?

రసాయనం_సార్

మురుగునీరు శుద్ధి చేసే ఫిల్టర్ల మీద.

గంగవాయిలి

పాలకూరకు రెక్కలు, సుబ్బారావు గారికి మురుగు కాలవ. పేర్లు పెట్టేవాళ్లను ఎవరు నమ్ముతారు చెప్పండి. సార్, వచ్చే వారం బి12 మొదలుపెడదామా? కోబాలమిన్‌లో ఏదో దయ్యం ఉందని విన్నాను.

రసాయనం_సార్

దయ్యమే. జర్మన్ గనుల్లో పనివాళ్లను ఏడిపించే కోబోల్డ్. వేరే చర్చ తెరువమ్మా, దానికి ఇక్కడ చోటు చాలదు.